అచ్చులో తెగుతున్న గీతలు

ప్రశ్న: పత్రికల్లో నా కార్టూన్లు వేస్తున్నారు గానీ సన్నగీతలు తెగిపోయి, నీడలు నల్లమచ్చలవుతున్నాయి. బాపు గారి గీత అంత శుభ్రంగా ఎలా వచ్చేదండీ?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: బాపు గారి బొమ్మలో గీతలు తక్కువ, ఖాళీ ఎక్కువ. అసలు బలం అక్కడే ఉంది. మీరు అచ్చయ్యే సైజుకు రెట్టింపులో గీయండి. సగానికి కుదిస్తే 0.2 మి.మీ. గీత 0.1 అవుతుంది, నాసిరకం కాగితం మీద నిలవదు. కాబట్టి 0.4కి తగ్గొద్దు. నీడగీతల మధ్య కనీసం 1 మి.మీ. ఖాళీ వదలండి, లేకుంటే సిరా పాకి కలిసిపోతాయి. మీ ఎండలకు ఇండియన్ ఇంక్ (బొమ్మలకు వాడే నల్లసిరా) చిక్కబడి పాళీ మీదే ఆరిపోతుంది; చిన్న మూతలో పోసుకుని రెండు చుక్కల నీళ్లు కలపండి, పాళీని తరచూ తడిగుడ్డతో తుడవండి. స్కాన్ 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) చేయండి. ఇక బొమ్మ కింది వ్యాఖ్య: బొమ్మ చెప్పేసినదాన్నే మళ్లీ రాయొద్దు.