స్ట్రెంత్ కోచ్ కావాలంటే ఎక్సర్‌సైజ్ సైన్స్ చదవాల్సిందేనా?

ఇంటర్ బైపీసీ అయ్యింది, జిమ్‌లో మూడేళ్ల అనుభవం ఉంది, ఇంకా డిగ్రీ ఎందుకని అడిగారు. మామూలు జిమ్ ట్రైనర్‌గా ఉండటానికైతే అక్కర్లేదు. ఆటగాళ్లతో పనిచేయాలనుకుంటే మాత్రం చదవమనే అంటాను.

కబడ్డీ రైడర్‌నే తీసుకోండి. ఒక రైడ్ గరిష్ఠంగా 30 సెకన్లు. పూర్తి వేగంతో కదిలితే కండరాల్లోని ఫాస్ఫోక్రియేటిన్ (వెంటనే శక్తినిచ్చే నిల్వ) దాదాపు 10 సెకన్లకే చాలావరకు తగ్గిపోతుంది, ఆ తర్వాత భారమంతా ఎక్కువగా గ్లైకోజెన్ (కండరాల్లో దాచుకున్న చక్కెర) మీదే. ఫాస్ఫోక్రియేటిన్ మళ్లీ నిండడానికి మూడు నుంచి ఐదు నిమిషాలు కావాలి. ఇది తెలిసిన కోచ్ సెట్‌కీ సెట్‌కీ మధ్య విశ్రాంతిని లెక్కగట్టి ఇస్తాడు. తెలియనివాడు చెమట పట్టిందా లేదా అని చూస్తాడు. ఫిజియాలజీ మీకు తేలికే. బయోమెకానిక్స్‌లో, అంటే శరీర కదలికల శాస్త్రంలో, టార్క్ (తిప్పే బలం) దగ్గరకొచ్చేసరికి ఫిజిక్స్ పుస్తకం మళ్లీ దుమ్ము దులపాలి, తప్పదు.

డిగ్రీ తర్వాత చాలామంది అమెరికా సంస్థ ఎన్‌ఎస్‌సీఏ ఇచ్చే సీఎస్‌సీఎస్ అనే స్ట్రెంత్ కోచ్ సర్టిఫికెట్ కోసం పరీక్ష రాస్తారు. దానికి బ్యాచిలర్ డిగ్రీతోపాటు సీపీఆర్ (గుండె ఆగినప్పుడు చేసే ప్రథమ చికిత్స) శిక్షణ కూడా ఉండాలి. మన దేశంలో పటియాలాలోని నేతాజీ సుభాష్ క్రీడా సంస్థ, గ్వాలియర్‌లోని లక్ష్మీబాయి సంస్థ ఈ రంగంలో పాతవి.

చదువుతుండగానే ఏదైనా అకాడమీలో, జీతం లేకపోయినా సరే, సాయంగా చేరండి. పద్నాలుగేళ్ల కుర్రాడికి స్క్వాట్‌లో మడమలు ఎందుకు లేస్తున్నాయో అక్కడే అర్థమవుతుంది.