కోళ్లకంటే ముందు పొరుగువాళ్లను చూసుకోండి

ఊరికి దూరంగా అయిదెకరాలు కొనుక్కుని, కోళ్లు, తేనెటీగలు పెట్టుకుని, వంటల్లో వేసుకునే సువాసన మొక్కలు పెంచుకుంటూ బతకాలనుంది, ఎలా మొదలుపెట్టమంటారు అని మీ దంపతులు అడిగారు. ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. చలిదేశానికి కొత్తగా వలస వచ్చి, మంచు తవ్వే పార ఇంకా చేతికి అలవాటు కానివాళ్లే దీన్ని ఎక్కువగా అడుగుతారు. తప్పు పట్టడం లేదు, ఒకప్పుడు నా వరసా ఇదే. నేల గురించి అడిగారు, నీళ్ల గురించి అడిగారు, ఏ జాతి కోడి మంచిదని అడిగారు. చుట్టుపక్కల ఎవరుంటారన్నది మాత్రం మీ జాబితాలో ఎక్కడా లేదు.

ముందు రూల్స్ సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. కోళ్లు ఎన్ని ఉండొచ్చు, గూడు సరిహద్దుకి ఎంత ఎడంగా ఉండాలి, తేనెపెట్టెలను నమోదు చేయించాలా అన్నవి దేశానికో తీరు, ఊరికో తీరు. మీ పురపాలక కార్యాలయానికి ఫోన్ చేస్తే తేలిపోతుంది. చాలా ఊళ్లలో పెట్టలకు అభ్యంతరం ఉండదు, పుంజు దగ్గరే పేచీ. పెట్ట గుడ్డు పెట్టడానికి పుంజు అక్కర్లేదు కాబట్టి ఆ తగువులోకి మీరు దిగనే వద్దు.

ఇక నా కథ. చదువుకున్నవాణ్ణి, నాలుగు పుస్తకాలు తిరగేస్తే రాకుండా పోతుందా అనుకుని, ఎవర్నీ అడక్కుండా, ఎవరూ కనపడని చోట ఇల్లు తీసుకున్నాను. కోడిపిల్లల దాకా నా పుస్తకాలు బాగానే పనిచేశాయి. మొదటివారం 35 డిగ్రీల సెల్సియస్ వేడి, ఆ తర్వాత వారానికి మూడేసి డిగ్రీలు తగ్గించుకుంటూ పోవడం, ఆరు వారాలకి ఒంటినిండా ఈకలు వచ్చాక బయటికి వదలడం. ఒక్క పిల్ల కూడా పోలేదు. ఆ సంబరంలోనే గూటిచుట్టూ చికెన్ వైర్, అంటే సన్నతీగ వల, కట్టేశాను. పేరులో చికెన్ ఉంది కదా, ఇంకేం కావాలి అనుకున్నాను. అది కోళ్లను లోపల ఉంచుతుంది గానీ బయటివాటిని ఆపదు. రకూన్ అనే రాత్రిపూట తిరిగే చిన్న అడవి జంతువు దాన్ని చేత్తో చించేస్తుంది, నక్క దాని కింద తవ్వుకుని వస్తుంది. కావాల్సింది అర అంగుళం కన్నాలున్న హార్డ్‌వేర్ క్లాత్ అనే గట్టి ఇనుప జాలీ, అదీ అడుగులోతున నేలలోకి దింపి. ఒక రాత్రిలో సగం మంద పోయాక గానీ నాకది తెలియలేదు. ఎడంగా ఉన్నా సరే, నా పొరుగాయన ఒక్కసారి ఇటు వచ్చి ఉంటే ఆ తీగ చూసీచూడగానే చెప్పేవాడు. కానీ ఆయనకి నేనెవరో తెలియదు, నాకు ఆయన ట్రక్కు రంగు తప్ప ఏమీ తెలియదు.

చలికాలంలో ఇంకో ఘనకార్యం చేశాను. పాపం చలికి వణుకుతాయని గూటికి గాలి దూరే సందు లేకుండా అన్నీ మూసేశాను. నిజానికి పొడిగా ఉన్నంతసేపు కోడి గట్టి చలికి కూడా తట్టుకుంటుంది, ఒంటిమీద దుప్పటి దానిదే. దానికి శత్రువు తేమ. ఊపిరి తేమ, రెట్టల తేమ పైకి పోయే దారి లేక తురాయి మీద చేరి గడ్డకడుతుంది. తురాయిలు నల్లబడ్డాక చెప్పింది ఎవరనుకున్నారు, దాణా దుకాణంలో నా వెనక నిలబడిన ముసలామె. కోళ్లు ఎక్కి కూర్చునే దండెం కంటే ఎత్తున కప్పు దగ్గర గాలి పోయేలా కిటికీలు తెరిచి ఉంచమంది. వేడి దీపం పెట్టొద్దని కూడా ఆవిడే చెప్పింది, ఎండిన గడ్డి, దుమ్ము, తీగలు ఉన్న చోట ఆ దీపాలతో గూళ్లు తగలబడిపోతుంటాయి. పుస్తకాల్లోనూ ఇవన్నీ ఉన్నాయి లెండి, వెళ్లి చూస్తే కనపడ్డాయి. కానీ కొత్తవాడికి ఏ పేజీ ముఖ్యమో పుస్తకం చెప్పదు.

అసలు దెబ్బ మాత్రం ఇవేవీ కాదు. కోడికి ఆదివారం లేదు. పొద్దున తలుపు తీయాలి, చీకటి పడకముందే మూయాలి, మంచు కాలంలో నీళ్లు గడ్డకడితే పూటపూటకీ మార్చాలి. పగటివెలుగు పద్నాలుగు గంటలకి తగ్గిపోతే గుడ్లు తగ్గిపోతాయి, ఈకలు రాల్చే కాలంలో అసలే పెట్టవు, అయినా మీ చాకిరీ మాత్రం తగ్గదు. మా పెదనాన్న కూతురి పెళ్లికి నేనొక్కణ్ణే వెళ్లాను, నా భార్య ఇక్కడే ఉండిపోయింది. ఆ తర్వాతి ఏడు మా అత్తగారికి ఒంట్లో బాగాలేదంటే ఆమె వెళ్లింది, నేను ఉండిపోయాను. ఇద్దరం కలిసి స్వదేశానికి వెళ్లడమన్నది మా ఇంట్లో మాటల్లోంచే పోయింది. మంచు కురిసే రాత్రి ఒంటరిగా ఆ ఇంట్లో కూర్చుని, ఫోన్‌లో అక్కడి సందడి వింటుంటే ఎలా ఉంటుందో, పడితే గానీ తెలియదు. మీకు తెలియకూడదనే ఇంత రాస్తున్నాను. తాళంచెవి ఇచ్చి పది రోజులు కోళ్లను చూడమని అడగగల మనిషి ఒక్కరైనా నడక దూరంలో లేకపోతే కోళ్లు కొనకండి. ఉంటే నాలుగు కొనండి. ఒక్కదాన్ని మాత్రం ఎప్పుడూ పెంచొద్దు, అది మంద జంతువు, తోడు లేకపోతే కుంగిపోతుంది. ఈ విషయంలో దానికి మనకంటే బుద్ధి ఎక్కువ.

తేనెటీగలు వేరే తరహా. వాటికి రోజూ మీ మొహం చూపించక్కర్లేదు. వసంతం, వేసవుల్లో వారం పదిరోజులకోసారి పెట్టె తెరిస్తే చాలు, చలికాలంలో తెరవనే కూడదు. అవి గుంపుకట్టి ముద్దగా చేరి, రెక్కల కండరాలు ఆడించి వేడి పుట్టించుకుంటూ, దాచుకున్న తేనె తింటూ గడుపుతాయి. గట్టి చలి ఉన్న చోట ఒక పెట్టెకి పాతిక కిలోల పైనే తేనె వదలాలి. మొదటి ఏడు నేను అది లెక్కచేయకుండా ఫ్రేములన్నీ, అంటే ఈగలు పట్టు పెట్టే చట్రాలన్నీ, పిండుకున్నాను. అందరికీ సీసాలు పంచాను కూడా. వసంతానికి పెట్టెలో గుప్పెడు ఎండిన ఈగలు మిగిలాయి. మొదటి ఏటి తేనె వాటిది, మీది కాదు.

ఆకలి ఒక్కటే కాదు, వరోవా నల్లి కూడా వాటిని తినేసిందని తర్వాత తెలిసింది. అది ఆసియా తేనెటీగ మీద బతికే పురుగు. ఆ ఈగకి దాన్ని దులుపుకోవడం, పోతుటీగల (మగ ఈగల) గదులకే పరిమితం చేయడం తెలుసు. పెట్టెల్లో పెంచే యూరప్ ఈగకి ఆ విద్య రాదు. అమెరికాలో 1987లో, బ్రిటన్‌లో 1992లో, న్యూజిలాండ్‌లో 2000లో బయటపడింది, ఆస్ట్రేలియా 2022 దాకా తప్పించుకుంది. మీరు ఏ దేశంలో ఉన్నా ఇది రాదులే అనుకోకండి. వేసవి చివర్లో అరకప్పు ఈగల్ని, అంటే సుమారు మూడు వందల్ని, తీసి నల్లులు లెక్కపెట్టాలి. వంద ఈగలకి మూడు నల్లులు కనిపించాయంటే మందు వేయాల్సిందే. పెట్టెలు రెండు పెట్టుకోండి. ఒకటి నీరసిస్తే రెండోదాన్ని చూసి తేడా తెలుస్తుంది, రాణి పోయిన పెట్టెకి రెండోదాంట్లోంచి గుడ్లున్న ఫ్రేము ఇచ్చి కొత్త రాణిని పుట్టించుకోనివ్వొచ్చు. ఈగ కుడితే ఊపిరాడనంత అలర్జీ ఉందేమో ముందే డాక్టర్ని అడగండి. ఏడాది లోపు పసిబిడ్డకి తేనె నాకించొద్దు, ఇది మాత్రం బామ్మలు చెప్పినా వినకండి.

ఆ నల్లుల లెక్క నాకు నేర్పింది మా ప్రాంతంలో తేనెటీగలు పెంచేవాళ్ల సంఘం. సిగ్గు చంపుకుని, ఈగలు చచ్చిన ఫ్రేము సంచిలో పెట్టుకుని సమావేశానికి వెళ్లాను. పదిమంది దాని చుట్టూ మూగారు. ఆ సాయంత్రమే ఈ దేశంలో మొదటిసారి ఎవరో నన్ను, ఎక్కడివాడివి అని కాకుండా, నీ పెట్టెలు ఎటువైపు తిప్పి ఉన్నాయి అని అడిగారు. పట్టు విడిచిన ఈగల గుంపు ఎవరి చెట్టుకి చేరినా ఇప్పుడు నాకు ఫోన్ వస్తుంది, నిచ్చెన పట్టుకోవడానికి ఇద్దరు ముగ్గురం వెళ్తాం. తేనెటీగలు నాకిచ్చిన లాభంలో తేనె లెక్క చాలా చిన్నది.

మొక్కల సంగతి త్వరగా ముగిస్తాను, కష్టం తక్కువ. థైమ్, సేజ్, ఒరెగానో అనే సువాసన ఆకుల మొక్కలు, సన్న ఉల్లికాడల్లాంటి చైవ్స్ ఒకసారి నాటితే చలికి తట్టుకుని ఏటా వస్తాయి. తులసి జాతులు మొదటి మంచుకే పోతాయి, కొత్తిమీర ఎండ ముదిరితే పూతకొచ్చేస్తుంది. పుదీనాని కుండీలోనే ఉంచండి, లేకపోతే పెరడంతా దానిదే. థైమ్‌కి నీళ్లు నిలవని పేదనేల కావాలి. నేను ప్రేమకొద్దీ పచ్చి కోళ్ల ఎరువు వేసి దాన్ని మాడ్చేశాను, ఆ ఎరువు బాగా కుళ్లాకే వాడాలి. కొన్ని కొమ్మలు కోయకుండా పూయనిస్తే ఈగలు వాటిమీదే ఉంటాయి. పైగా నెలరోజులు ఇల్లు వదిలి వెళ్లినా ఈ మొక్కలు మిమ్మల్ని తిట్టుకోవు. చైవ్స్ దుబ్బు విడదీసి పక్కింటికి పట్టుకెళ్లండి, తలుపు కొట్టడానికి అంతకంటే మంచి వంక నాకు దొరకలేదు.

కాబట్టి ఆ అయిదెకరాల బేరం ఆపండి. చిన్న ఊళ్లో, పక్కింటి దీపం కనపడేంత దగ్గర్లో, పెరడున్న ఇల్లు చూసుకోండి. మొదటి ఏడు మొక్కలు, పక్కవాళ్లతో పరిచయం కుదిరాక కోళ్లు, అవి అలవాటయ్యాక ఈగలు. సంఘంలో మాత్రం ఇప్పుడే చేరండి. ఈగలు వచ్చేది వసంతంలో కాబట్టి కొత్తవాళ్ల తరగతులు చాలాచోట్ల చలికాలంలోనే పెడతారు. ఇద్దరి పేర్లూ ఇవ్వండి, ఒక్కరిదే ఇచ్చి ఊరుకోకండి.