హైదరాబాద్ గన్‌ఫౌండ్రీ సెయింట్ జోసెఫ్ కెథడ్రల్‌కి (కథోలిక చర్చి) అమ్మానాన్నలతో వెళ్లడం గురించి

మీరు అడిగింది రెండు విషయాలు కదా: క్రైస్తవులు కానివాళ్లను లోపలికి రానిస్తారా, పూజ (చర్చిలో ఫాదర్ జరిపే మాస్) జరుగుతుంటే ఏం చేయాలి అని. నిస్సంకోచంగా వెళ్లండి. టికెట్ ఏమీ ఉండదు, మతం ఎవరూ అడగరు. చూడటానికే అయితే ఆదివారం, పండగ రోజులు వద్దు. మామూలు రోజున పూజల వేళలు కాకుండా చూసుకోండి.

ఒకవేళ పూజ మధ్యలో చేరుకుంటే వెనక బల్లల్లో కూర్చోండి. చివర్లో అందరూ వరుసగా వెళ్లి ఫాదర్ దగ్గర చిన్న తెల్లటి అప్పం తీసుకుంటారు. అది గుళ్లో ప్రసాదంలా వచ్చినవాళ్లందరికీ పంచేది కాదు, కథోలిక విశ్వాసులకు మాత్రమే. అమ్మగారికి ముందే చెప్పి ఉంచండి, భక్తిగా లేచి లైన్లో నిలబడిపోతారు! ఆ కాసేపూ కూర్చునే ఉంటే చాలు, ఎవరూ తప్పుగా అనుకోరు. బల్లల కింద ఉండే పొడవాటి చెక్క మోకరిల్లడానికి, దాని మీద కాళ్లు పెట్టకూడదు. చెప్పుల సంగతి అక్కడివాళ్లను చూసి చేయండి. లోపల ఫొటోలకు ఆఫీసులో ఒక మాట అడగండి.

కట్టడం 1870ల నాటిది. గంటలు ఇటలీ నుంచి తెప్పించినవి. నాంపల్లి మెట్రోలో దిగి ఆటో ఎక్కితే దగ్గరే. ఓపిక ఉంటే అబిడ్స్‌లో సెయింట్ జార్జ్ చర్చి కూడా చూడొచ్చు, అది ఇంకా పాతది. నాన్నగారికి మోకాళ్ల నొప్పులన్నారు కాబట్టి రెండూ ఒకే పూట పెట్టుకోకండి.