ఎలక్ట్రిక్ గిటార్‌కి మంచి టోన్ ఎక్కడి నుంచి వస్తుంది?

ఖరీదైన గిటార్ కొంటే మంచి టోన్, అంటే వినసొంపైన ధ్వని, వచ్చేస్తుందా అని అడిగారు. రాదండీ. ముందు చెయ్యి, తర్వాత ఆంప్ (గిటార్ సిగ్నల్‌ని పెంచి వినిపించే యాంప్లిఫయర్), ఆ తర్వాతే గిటార్. క్వీన్ రాక్ బ్యాండ్ గిటారిస్ట్ బ్రయాన్ మేనే చూడండి, ఆయన గిటార్ 1963లో తండ్రితో కలిసి ఇంట్లో తయారుచేయడం మొదలుపెట్టింది, దాని నెక్ (వేళ్లతో తీగలు నొక్కే పొడవాటి భాగం) పాత ఫైర్‌ప్లేస్ చెక్క; తీగలు మీటే పిక్ బదులు ఆరు పెన్నీల నాణెం పట్టుకుంటారు, దాని గరుకు అంచు తీగను గీరడం వల్ల నోటు మొదట్లో చిన్న కరకర వినిపిస్తుంది. ఆయన ఆంప్ వాక్స్ కంపెనీ ఏసీ30 మోడల్, అదీ బాగా పెంచి. సిగ్నల్ మరీ ఎక్కువైతే అందులోని వాల్వులు (సిగ్నల్‌ని పెంచే గాజు ట్యూబులు) దాని శిఖరాలను నొక్కేస్తాయి, అప్పుడు కొత్త హార్మోనిక్స్ (అసలు నోటుతో కలిసి వినిపించే పై స్వరాలు) పుడతాయి, వార్మ్‌గా ఉంది అని మనం అనేది చాలావరకు దాన్నే. గిటార్ మీది వాల్యూమ్ నాబ్ కాస్త తగ్గిస్తే చాలు, సౌండ్ మళ్లీ క్లీన్ అయిపోతుంది. మీరు మాత్రం ముందు ఆంప్ మీది గెయిన్ (సిగ్నల్‌ని ఎంత పెంచాలో చెప్పే నాబ్) సగానికి తగ్గించి వాయించండి, ఎక్కువ గెయిన్‌లో వేళ్ల బలంలో తేడాలు వినిపించవు.