పులి చారలు అలల్లా వచ్చాయా? లెన్స్‌ది తప్పు కాదు

ప్రశ్న: మే నెలలో మహారాష్ట్రలోని తడోబా పులుల అడవికి వెళ్లాం. మధ్యాహ్నం సఫారీలో నీటిగుంట దగ్గర పులి కనిపించింది. 600 ఎంఎం లెన్స్‌తో నలభై ఫొటోలు తీస్తే ఒక్కటీ స్పష్టంగా లేదు. ఇంటి దగ్గర బాగానే వస్తున్నాయి. లెన్స్ సర్వీసుకు ఇవ్వాలా? - ఓ పాఠకుడు, హనుమకొండ

జవాబు: ఇవ్వకండి. ముందు ఆ నలభై ఫొటోలను పెద్దవి చేసి వరసగా చూడండి. చారల అంచులు ఒక్కో ఫొటోలో ఒక్కోలా వంకర తిరిగితే అది వేడిగాలి పని. పులి మసకగా ఉండి, ముందున్న గడ్డి స్పష్టంగా ఉంటే ఫోకస్ తప్పినట్టు. నేల కాగినప్పుడు వేడి, చల్లటి గాలిపొరలు కలుస్తూ వెలుతురును వంచుతుంటాయి. తారురోడ్డు మీద ఎండమావి కనిపించేది కూడా ఇందుకే. జంతువు ఎంత దూరంలో ఉంటే అంత గాలి అడ్డం. ఖరీదైన లెన్స్ కొన్నా, షట్టర్ వేగం పెంచినా ఇది పూర్తిగా పోదు.

నిరుడు వేసవిలో జన్నారం అడవిలో సాసర్ పిట్ (జంతువులు నీళ్లు తాగేందుకు కట్టిన లోతు తక్కువ గుంట) దగ్గర ఒక దుప్పిని తీశాను. పదకొండింటికి దూరం నుంచి తీస్తే ఒంటి మీది చుక్కలు ఒకదాన్లో ఒకటి కలిసిపోయాయి. మర్నాడు ఆరున్నరకు దగ్గర నుంచి తీస్తే మూతి నుంచి జారుతున్న నీటిబొట్టు కూడా లెక్కపెట్టేలా వచ్చింది. కెమెరా అదే, లెన్స్ అదే.

వేసవిలో ఆకు రాలి, నీళ్లు తగ్గి జంతువులు గుంటల దగ్గరికే వస్తాయి కాబట్టి ఆ కాలం వదులుకోవద్దు. ఉదయం సఫారీనే బుక్ చేసుకోండి. జీపు బానెట్ మీదుగా గురిపెట్టవద్దు, ఇంజిన్ వేడి అడ్డొస్తుంది. మధ్యాహ్నమే దొరికితే బరస్ట్‌లో, అంటే బటన్ నొక్కి పట్టి వరసగా ఫొటోలు తీయండి, గాలి నిలకడపడిన క్షణంలో ఒకటో రెండో బాగా రావచ్చు.

ప్రశ్న: పాకాల చెరువు కట్ట మీద పక్షుల వీడియో తీస్తుంటే ఐఫోన్ వేడెక్కి ఆగిపోయింది. పాడైందా? - ఓ పాఠకురాలు, నర్సంపేట

జవాబు: పాడవలేదమ్మా, తనను తాను కాపాడుకుంది. 0 నుంచి 35 డిగ్రీల పరిసరాల్లో వాడమని ఆపిల్ చెబుతుంది. మన మే ఎండ 40 దాటుతుంది. కవర్ తీసి నీడలో ఉంచండి, ఫ్లైట్ మోడ్ పెట్టండి. సిగ్నల్ సరిగా లేనిచోట టవర్ వెతుక్కుంటూ ఫోన్ మరింత కాగుతుంది. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకండి, లోపల చెమ్మ పడుతుంది.

ప్రశ్న: ఫోన్‌లో తీసిన ఫొటోతో జంతువు ఉన్న చోటు తెలిసిపోతుందా? - ఓ పాఠకుడు, మంచిర్యాల

జవాబు: కెమెరా సెట్టింగ్స్‌లో లొకేషన్ ఆన్‌లో ఉంటే తెలుస్తుంది. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే ఆ వివరం పోతుంది, డాక్యుమెంట్‌గా పంపితే అలాగే వెళ్తుంది. వేటగాళ్లకు ఆ ఒక్క వివరం చాలు. అడవిలోకి అడుగుపెట్టే ముందే లొకేషన్ ఆపేయండి, ఏ గుంట దగ్గర చూశారో కింద రాయకండి.