దొంగతనం కేసులో చూసిన సాక్షులు లేకుండానే, దొరికిన వస్తువే సాక్ష్యంగా మా తమ్ముడికి శిక్ష పడింది. అప్పీల్లో తనే నిర్దోషినని నిరూపించుకోవాలా?

అక్కర్లేదండీ. కింది కోర్టులో అయినా, అప్పీల్లో అయినా నేరం నిరూపించాల్సింది ప్రాసిక్యూషనే. చూసినవాళ్లు లేరు, దొరికిన వస్తువే సాక్ష్యం అని రాశారు కాబట్టి, ప్లీడరు గుమాస్తాగా జీవితమంతా కోర్టుల్లో గడిపినవాడిగా చెప్తున్నా: లా పాయింట్లు తర్వాత, ముందు పంచనామా, అంటే సొత్తు దొరికినప్పుడు సాక్షుల ముందు పోలీసులు రాసే కాగితం, చదవండి.

మా సారు దగ్గరికి ఒక పనిమనిషి కేసు వచ్చింది. యజమానురాలి గొలుసు పోయింది. ఏడు నెలల తర్వాత ఆ పనిమనిషి ఇంట్లో బియ్యం డబ్బాలో దొరికిందన్నారు పోలీసులు. మేజిస్ట్రేటు కోర్టు ఏడాది జైలు వేసింది. సెషన్స్ కోర్టు అప్పీల్లో మా సారు 1984 నాటి శరద్ బిర్దీచంద్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు పట్టుకుని, సందర్భాలన్నీ ఒకదానికొకటి అతకాలి, ముద్దాయి తప్ప ఇంకెవరూ చేసి ఉండరని తేలాలి అని చాలాసేపు వాదించారు. జడ్జిగారు వింటూనే రికార్డు తిప్పుతున్నారు. ఉన్నట్టుండి పీపీగారి (ప్రభుత్వ ప్లీడరు) వైపు చూసి, "ఫిర్యాదులో 3 కాసులని ఉంది. కాసు ఎన్ని గ్రాములండీ?" అన్నారు.

"ఎనిమిది సార్."

"మరి పంచనామాలో 18.5 గ్రాములేంటి?"

పీపీగారు కాగితాలు అటూ ఇటూ తిరగేసి, "వాడకంలో అరిగి ఉంటుంది సార్" అన్నారు. జడ్జిగారు ఏమీ అనలేదు, పెన్ను తీసి రాసుకున్నారు. పైగా ఆ గొలుసును అలాంటి మరికొన్ని గొలుసుల్లో కలిపి యజమానురాలిచేత గుర్తుపట్టించిందీ లేదు. శిక్ష కొట్టేశారు. మా సారు మాత్రం తన వాదనకే కేసు గెలిచిందని ఇప్పటికీ అనుకుంటారు.

ఆ పంచనామా మీద సంతకం పెట్టిన మధ్యవర్తి, అంటే పంచనామా సాక్షి, స్టేషన్‌కి పాత కాపే. పక్కింటివాళ్లను పిలిస్తే రారు. ఎందుకొస్తారు? సంతకం పెట్టిన పాపానికి కూలి మానుకుని వాయిదాలకి తిరగాలి, తీరా వెళ్తే "ఈరోజు కోర్టు లేదు" అంటారు. ఇక స్టేషన్ ముందు టీ కొట్టువాడే ఊళ్లో సగం పంచనామాలకి సాక్షి.

ఒక్కచోట జాగ్రత్త. దొంగతనం జరిగిన కొద్దిరోజుల్లోనే సొత్తు మీ తమ్ముడి దగ్గర దొరికితే, అతనే దొంగ అనో, దొంగ సొత్తని తెలిసే ఉంచుకున్నాడనో కోర్టు అనుకోవచ్చు. పాత ఎవిడెన్స్ యాక్టులో సెక్షన్ 114, దాని స్థానంలో వచ్చిన కొత్త చట్టంలో 119. అప్పుడు అది తన దగ్గరికి ఎలా వచ్చిందో నమ్మదగ్గ కారణం చెబితే చాలు, అనుమానానికి తావు లేకుండా నిరూపించక్కర్లేదు. కానీ చాలామంది పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 313 (దాని స్థానంలో వచ్చిన కొత్త చట్టంలో 351) కింద జడ్జిగారు ముద్దాయిని అడిగే ప్రశ్నలన్నిటికీ "తెలియదు, అబద్ధం" అని వచ్చేస్తారు. ప్లీడర్లు కూడా అదే నేర్పి పంపిస్తారు, అదే నాకు మంట. మీ తమ్ముడు ఏం చెప్పాడో చూడండి.

సెషన్స్ కోర్టుకి అప్పీలు గడువు 30 రోజులు. తీర్పు కాపీ కోసం కోర్టులో పట్టే రోజులు అందులో లెక్కకు రావు. ఫిర్యాదు, పంచనామా, మధ్యవర్తి వాంగ్మూలం కాపీలు కూడా తీసుకుని తూకం, గుర్తులు, తేదీలు పక్కపక్కన పెట్టి చదవండి. వస్తువేంటో మీరు రాయలేదు. బండి అయితే ఛాసిస్ నంబరు ఉంటుంది కాబట్టి తూకం దారి పనికిరాదు, ఎప్పుడు దొరికింది, ఎలా వచ్చిందన్నాడు అన్నదే మిగులుతుంది.