బంగారం తాకట్టు పెట్టి మండపం సెట్టు కొనమంటారా?

ప్రశ్న: మాది కొత్తపేట దగ్గర పల్లెటూరు సార్. నేను, మా ఆవిడ కలిసి పెళ్లిళ్లకు, ఓణీల ఫంక్షన్లకు పూల డెకరేషన్ చేస్తాం. దండలు, పూలజడలు మా ఆవిడే కడుతుంది. కిందటేడాది 38 కార్యాలు చేస్తే బిల్లులు 17 లక్షల దాకా అయ్యాయి. చేతిలో మాత్రం ఏమీ మిగల్లేదు. పార్టీల నుంచి ఇంకా 1,90,000 రావాలి. కడియపులంకలో పూల వ్యాపారికి 85,000 బాకీ ఉన్నాం. అప్పు మీద తెస్తున్నామని కిలోకి పది రూపాయలు ఎక్కువ వేస్తున్నాడు. 22 కార్యాలకు మండపం సెట్టు 9,000 చొప్పున అద్దెకు తెచ్చాం. మా ఆవిడ బంగారం తాకట్టు పెట్టి 6 లక్షలతో సొంత సెట్టు కొనుక్కుందామనుకుంటున్నాం. ఇంటి ఖర్చు నెలకు 28,000. ఏం చేయమంటారు?

జవాబు: బంగారం జోలికి వెళ్లకండి. సెట్టు కొనుక్కోవచ్చు కానీ అంత పెద్దది వద్దు. అన్నిటికంటే ముందు ఆ పూల బాకీ తీర్చండి.

ఎందుకో లెక్క చూడండి. కార్యానికి సగటున 80 కిలోల పూలు తెస్తారనుకుందాం. 38 కార్యాలకు 3,040 కిలోలు. కిలోకి పది రూపాయలంటే ఏడాదికి 30,400. 85,000 బాకీ మీద ఇంత కడుతున్నారంటే మన ఊళ్ల లెక్కలో మూడు రూపాయల వడ్డీ. కాగితం రాయలేదు, ఎవరూ ఇంటికొచ్చి అడగలేదు కాబట్టి అది వడ్డీలా కనిపించలేదు, అంతే. పైగా ముహూర్తాలు గట్టిగా ఉన్న రోజున నగదు ఇచ్చేవాళ్లకే ముందు మంచి బుట్టలు వెళ్తాయి. విచ్చిపోయిన లిల్లీలు, నలిగిన చామంతులు బాకీ ఉన్నవాళ్లకు మిగులుతాయి. వాటిలో వాడిపోయి పారేసేది కూడా మీ నష్టమే.

ఆ 85,000 పార్టీల దగ్గరే ఉంది. ఎవరెవరు ఎంతివ్వాలో ఒక కాగితం మీద రాసుకుని, పెద్ద మొత్తాలతో మొదలుపెట్టి స్వయంగా వెళ్లి అడగండి. ఒకేసారి ఇవ్వలేమంటే రెండు దఫాలకు ఒప్పుకోండి, తేదీ మాత్రం చెప్పించుకోండి. తెలిసినవాళ్లని ఎలా అడుగుతామని మొహమాటపడకండి. రాత్రంతా నిలబడి చేసిన పనికి రావాల్సిన డబ్బు అది. ఇకమీదట బుక్ చేసుకున్నప్పుడు 30 శాతం, పూలకు బయల్దేరే ముందు 50 శాతం, పెళ్లికూతురు పీటల మీదకు వచ్చేలోపు మిగతాది తీసుకోండి. అప్పగింతలయ్యాక ఆ ఇంట్లో డబ్బూ అయిపోతుంది, మీతో మాట్లాడే తీరికా ఉండదు.

మీరు రేటు చెప్పే పద్ధతి కూడా మార్చుకోవాలి. శ్రావణం పెళ్లికి వైశాఖంలోనే రేటు మాట్లాడేసుకుంటారు కదా. శ్రావణం వచ్చేది గోదావరికి వరదలొచ్చే రోజుల్లో. లంకల్లో బంతి, చామంతి తోటలు మునిగితే పూలు దూరం నుంచి తెప్పించాలి. చామంతి కిలో 80 అని లెక్కేసుకుంటే ఆ రోజు 200 పలికిందనుకోండి, 40 కిలోలకు 4,800 మీ జేబులోంచి పోతుంది. అందుకని పని కూలి, సెట్టు, వ్యాను ఖర్చు ఇంత అని ఖాయంగా రాసివ్వండి. పూలు మాత్రం ఇన్ని కిలోలు, ఆ రోజు మార్కెట్ రేటు అని రాయండి. పార్టీ ఒప్పుకోకపోతే ముహూర్తాల రోజుల్లో పలికే ఎక్కువ రేటుకే లెక్కకట్టి ముందే చెప్పండి. ఒకటి రెండు బేరాలు పోతే పోనివ్వండి.

ఇక సెట్టు సంగతి. 6 లక్షలు బ్యాంకులో 11 శాతానికి 5 ఏళ్లకు తెచ్చినా కిస్తీ నెలకు 13,000 దాటుతుంది, ఏడాదికి దాదాపు 1,56,000. గోడౌన్ అద్దె నెలకు 3,000 వేసుకోండి, రంగులకు, రిపేర్లకు ఏడాదికి 20,000. మొత్తం 2,12,000. ఇప్పుడు మీరు కడుతున్న అద్దె 1,98,000. పైగా ఆషాఢంలోనూ కిస్తీ ఆగదు. బంగారం మీద తెస్తే ఇంకా కష్టం. చాలా చోట్ల ఏడాది తిరిగేసరికి అసలు, వడ్డీ ఒకేసారి కట్టమంటారు. నాలుగైదేళ్లకు గానీ డబ్బు రాబట్టుకోలేని సామానుకు ఏడాది అప్పు సరిపోదు.

ప్రతి పెళ్లికీ పనికొచ్చేవి మాత్రమే కొనండి: ఇనుప ఫ్రేములు, పరదా గుడ్డలు, లైట్లు. అవి 2 లక్షల్లో వచ్చి కార్యానికి అద్దెలో 5,000 తగ్గితే 22 కార్యాలకు ఏడాదికి 1,10,000 మిగులుతుంది. రెండేళ్లలోపు పెట్టుబడి తిరిగొస్తుంది, ఇంటి వెనక రేకుల షెడ్డులో సర్దుకోవచ్చు. ఫైబర్ స్తంభాలు, వెనకాల పెట్టే పెద్ద డిజైన్లు అద్దెకే తెచ్చుకోండి. పార్టీలు ఏటా ఫోన్లో కొత్త ఫొటోలు చూపించి అలాగే కావాలంటారు.

ఆ 2 లక్షలకు దారి ఉంది. పార్టీల డబ్బు వచ్చాక బాకీ తీరిస్తే 1,05,000 మిగులుతుంది. మిగతా లక్షకు మీ ఆవిడ పేరు మీద పీఎం విశ్వకర్మ పథకానికి ప్రయత్నించండి. 2023 సెప్టెంబరు 17న మొదలైన ఈ పథకంలోని 18 వృత్తుల్లో పూలదండలు కట్టడం కూడా ఉంది. మొదటి విడత లక్ష దాకా, 5 శాతం వడ్డీ, 18 నెలల గడువు, తాకట్టు అక్కర్లేదు. నెలకు 5,800 లోపే కిస్తీ. పనిముట్లకు 15,000 విడిగా ఇస్తారు. కుటుంబంలో ఒక్కరికే అర్హత. ముద్ర అప్పు బాకీ ఉంటే ఇవ్వరు కాబట్టి ముందు దీనికే పెట్టుకోండి. ఇప్పుడు దరఖాస్తులు తీసుకుంటున్నారో లేదో కామన్ సర్వీస్ సెంటర్లో కనుక్కోండి.

ఇంకో బ్యాంకు ఖాతా తెరిచి అడ్వాన్సులన్నీ అందులోనే వేయండి. ఒక పెళ్లి అడ్వాన్సుతో ఇంకో పెళ్లి పూల బాకీ కట్టడం ఇకనైనా ఆపాలి. ప్రతి బిల్లులో పదో వంతు ఆ ఖాతాలోనే ఉంచేయండి. 17 లక్షల మీద 1,70,000 అవుతుంది, అంటే ఇంటికి ఆరు నెలల ఖర్చు. ఆషాఢం, భాద్రపదం, పుష్యం ఎలాగూ ఖాళీ. దానికి తోడు శుక్ర మూఢం ఒక్కోసారి రెండు నెలలు దాటుతుంది. ఆ రోజుల్లో వాడపల్లి వెంకన్న గుడిలో శనివారాలకో, మీ ఊరి గుడికో దండలు ఇవ్వగలిగితే కొద్దిపాటి డబ్బయినా వారం వారం చేతికొస్తుంది.

బిల్లులు ఏడాదికి 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తీసుకోవాల్సి ఉంటుంది. మీరు దగ్గర్లోనే ఉన్నారు, ఈ సీజన్ నుంచే ప్రతి కార్యానికీ బిల్లు పుస్తకం రాయండి.